చివరి సీటుకి ఇద్దరు డబ్బు కడితే: ఒక కోర్సు బుకింగ్ సైట్‌కి స్పెక్ రాసిన కేస్ స్టడీ

ప్రాజెక్ట్ చూడ్డానికి చిన్నదే. ఒక శిక్షణ సంస్థ రెండు మూడు రోజుల కోర్సులు నడుపుతుంది, కొన్ని హాల్లో, కొన్ని ఆన్‌లైన్లో, ప్రతి బ్యాచ్‌కీ సీట్లు పరిమితం. అప్పటిదాకా ఫోన్లు, ఈమెయిళ్లు, ఒక షేర్డ్ స్ప్రెడ్‌షీట్ మీద నడిచిన బుకింగ్ మొత్తాన్ని వెబ్‌సైట్‌లోకి తేవాలి. సైట్ ఏం చేయాలో చెప్పే డాక్యుమెంట్, అంటే స్పెక్, రాయడానికి నన్ను పిలిచేనాటికే ఒక ఏజెన్సీతో మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. "ఇది మేం అడిగింది కాదు" అని వీళ్లు, "డాక్యుమెంట్‌లో ఉన్నదే చేశాం" అని వాళ్లు. ఆ డాక్యుమెంట్ తెప్పించుకుని చదివితే రెండు వైపుల వాళ్లూ నిజమే చెబుతున్నారని అర్థమైంది.

అందులో వాక్యాలు ఇలా ఉన్నాయి: "యూజర్ సులభంగా కోర్సు బుక్ చేసుకోగలగాలి." "సైట్ వేగంగా లోడ్ కావాలి." "అడ్మిన్ బుకింగ్‌లన్నీ మేనేజ్ చేయగలగాలి." ఈ మూడిటికీ ఏ టీమైనా 'అయింది' అని టిక్ పెట్టొచ్చు, ఏ క్లయింటైనా 'కాలేదు' అనొచ్చు. పైగా స్క్రీన్ల బొమ్మలు చాలా అందంగా ఉన్నాయి. హోమ్ పేజీ, కోర్సు పేజీ, చెకౌట్, థాంక్యూ పేజీ, అన్నీ సవ్యంగా జరిగిన రోజు యూజర్ ఏం చూస్తాడో అంతా ఉంది. ఏదో ఒకటి సవ్యంగా జరగని రోజు ఏం కావాలో ఒక్క ముక్క లేదు.

స్పెక్ విషయంలో నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. కోడ్ రాసేటప్పుడు డెవలపర్ ఎవర్నీ అడిగే వీలు లేక తనంతట తానే తీసేసుకునే నిర్ణయాలు కొన్ని ఉంటాయి. వాటిని ముందే బయటికి లాగాలి, ఆ నిర్ణయం చెప్పే హక్కున్న మనిషి చేత చెప్పించాలి, అయిందా కాలేదా అని టెస్టర్ తేల్చగలిగే వాక్యంగా రాసిపెట్టాలి. ఫీచర్ల జాబితా ఎవరైనా రాస్తారు. సీటు ఒకటే మిగిలినప్పుడు ఇద్దరు డబ్బు కడితే ఏం చేయాలన్నది మాత్రం ఎవరో ఒకరు కూర్చుని తేల్చాల్సిందే, స్పెక్‌లో తేల్చకపోతే అది కోడ్‌లో దానంతట అదే తేలిపోతుంది.

స్ప్రెడ్‌షీట్‌లో రంగులు

పాత డాక్యుమెంట్ పక్కన పెట్టి నేను ముందు కూర్చున్నది ఆపరేషన్స్ చూసే మేడమ్‌తో. ఫోన్లు ఎత్తేది ఆవిడే, షీట్ నడిపేదీ ఆవిడే. పాత ప్రాజెక్ట్ మీటింగుల్లో ఆవిణ్ని ఎవరూ పిలవలేదట. షీట్ తెరిచి చూపించమన్నాను. వరసలకి రంగులు ఉన్నాయి. ఆకుపచ్చ అంటే ఖరారు, అది ఊహించదగ్గదే. పసుపు అంటే "కట్టానని చెప్పారు, అకౌంట్‌లో ఇంకా కనపడలేదు". నారింజ అంటే "మూడో తారీఖు దాకా ఆపమన్నారు". లేత నీలం "వేరే బ్యాచ్‌కి మార్చమన్నారు, ఏ బ్యాచో చెప్పలేదు". బూడిద రంగు రద్దు. ఎరుపు కూడా రద్దే, కాకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాల్సినది.

పాత డాక్యుమెంట్‌లో బుకింగ్‌కి ఉన్న స్థితులు రెండు: బుక్ అయింది, రద్దయింది.

ఇక్కడే దాదాపు సగం పని అయిపోయింది. ఆ రంగులు ఏళ్ల తరబడి నిజమైన కస్టమర్లతో మాట్లాడి మాట్లాడి ఏర్పడినవి, ప్రతి రంగు వెనకా ఎప్పుడో ఎవరితోనో పడిన ఒక చిక్కు ఉంది. ఏ వెబ్ ప్రాజెక్ట్‌కైనా ఇంతకుముందు ఆ పని చేత్తో చేసిన మనిషి ఉంటే స్పెక్ రాసేవాళ్లు ముందు ఆ మనిషి దగ్గరికే వెళ్లాలి, మేనేజర్ దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు. ఏ కాలమ్ దేనికి అని అడిగితే వచ్చే జవాబు కంటే, "ఈ వరసలో ఈ కామెంట్ ఎందుకు రాశారండీ?" అని అడిగితే వచ్చే జవాబులో సరుకు ఎక్కువ ఉంటుంది.

ఆ రంగుల్ని స్థితులుగా మార్చి ఒక పట్టిక వేశాను. హోల్డ్, చెల్లింపు ప్రాసెస్‌లో, ఖరారు, వెయిటింగ్ లిస్ట్, గడువు ముగిసింది, రద్దు, రీఫండ్ పెండింగ్, బ్యాచ్ మార్పు. ఎడమవైపు 'ఏ స్థితి నుంచి', పైన 'ఏ స్థితికి'. ప్రతి గడిలో మూడు సంగతులు రాయాలి: దేని వల్ల మారుతుంది, ఎవరు మార్చగలరు, మారినప్పుడు ఎవరికి ఏ ఈమెయిల్ వెళ్తుంది. మారడానికి వీల్లేని చోట అడ్డగీత. అడ్డగీత కూడా ఒక నిర్ణయమే, 'రద్దు' నుంచి 'ఖరారు'కి నేరుగా వెళ్లకూడదని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. మొదటిసారి నింపినప్పుడు చాలా గడులు ఖాళీగా మిగిలాయి, ఆ ఖాళీలే తర్వాతి మీటింగులకి ఎజెండా అయ్యాయి. "ఇంకేమైనా కావాలా?" అని అడిగితే ఎవరికీ ఏమీ తోచదు. ఖాళీ గడి చూపిస్తే మాత్రం అందరికీ అభిప్రాయం ఉంటుంది.

గడువు దాటాక వచ్చిన డబ్బు

అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగిన గడి 'గడువు ముగిసింది' నుంచి 'ఖరారు'కి. యూజర్ సీటు ఎంచుకుంటాడు, సిస్టమ్ కాసేపు దాన్ని అతని కోసం ఆపి ఉంచుతుంది (ఇదే హోల్డ్), అతను పేమెంట్ గేట్‌వే, అంటే ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సర్వీసు, పేజీకి వెళ్తాడు. ఆ కాసేపు ఎంత? క్లయింట్ 10 నిమిషాలు చాలన్నారు. డెవలపర్ ఒకాయన వెంటనే గేట్‌వే సెట్టింగ్స్ చూసి చెప్పారు, వాళ్ల పేమెంట్ పేజీ గడువు 30 నిమిషాల కంటే తక్కువ పెట్టడం కుదరదని. అంటే మన దగ్గర హోల్డ్ 10 నిమిషాలకి పోయినా ఆ పేజీ ఇంకో 20 నిమిషాలు డబ్బు తీసుకుంటూనే ఉంటుంది. ఆ 20 నిమిషాల్లో అదే సీటు ఇంకొకరికి వెళ్లిపోతుంది. అందుకని హోల్డ్ 35 నిమిషాలైంది. పేమెంట్ పేజీ గడువు కంటే హోల్డ్ గడువు ఎప్పుడూ ఎక్కువ ఉండాలన్నది ఒక రూల్‌గా రాశాం, రెండు నంబర్లూ కాన్ఫిగరేషన్‌లో పెట్టి, ఈ రూల్ తప్పితే అప్లికేషన్ స్టార్టే కాకూడదని కూడా.

అయినా సమస్య పూర్తిగా పోదు, అరుదవుతుందంతే. బ్యాంక్ నుంచి సమాచారం ఆలస్యంగా రావచ్చు, గేట్‌వే పంపే వెబ్‌హుక్ (చెల్లింపు సంగతి దానంతట అదే తెలిపే సందేశం) మన సర్వర్ డౌన్ అయిన సమయంలో వచ్చి తర్వాత మళ్లీ ప్రయత్నించినప్పుడు అందొచ్చు. అప్పటికి సీటు లేకపోతే?

అకౌంట్స్ ఆయన "డబ్బు తీసుకున్నాక సీటు లేదంటే ఎలా అండీ, ఒక కుర్చీ ఎక్కువ వేయించండి" అన్నారు. శిక్షణ ఇచ్చేవాళ్లు ఒప్పుకోలేదు, ల్యాబ్‌లో మెషీన్లు లెక్కప్రకారం ఉంటాయి, ఒకరికి లేకపోతే ఆ మనిషి రోజంతా చేతులు కట్టుకుని కూర్చోవాలి. డెవలపర్లు ఆటోమేటిక్ రీఫండ్ చేసేద్దామన్నారు, కోడ్‌పరంగా అదే శుభ్రం. అప్పుడు ఆపరేషన్స్ మేడమ్ చెప్పిన మాటతో విషయం తేలింది: ఇలాంటి వాళ్లకి ఫోన్ చేస్తే ఎక్కువమంది తర్వాతి బ్యాచ్‌కి మార్చమంటారు, డబ్బు వెనక్కి అడిగేవాళ్లు తక్కువ, ముందే రీఫండ్ వెళ్లిపోతే మళ్లీ కట్టించుకోవడం పెద్ద తలనొప్పి.

స్పెక్‌లో చివరికి పడిన వాక్యాలు ఇవి. అసలు డాక్యుమెంట్ ఇంగ్లిష్‌లో ఉంది, ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను. 'పే-7' లాంటివి వాక్యాల నంబర్లు.

పే-7: హోల్డ్ గడువు ముగిసిన బుకింగ్‌కి చెల్లింపు విజయవంతమైందని గేట్‌వే నుంచి సమాచారం వచ్చినప్పుడు, ఆ బ్యాచ్‌లో సీటు ఖాళీగా ఉండి, వెయిటింగ్ లిస్ట్‌లో ఎవరూ లేకపోతే, సిస్టమ్ ఆ బుకింగ్‌ని ఖరారు చేయాలి.

పే-8: అదే సమాచారం వచ్చినప్పుడు సీటు లేకపోతే, లేదా వెయిటింగ్ లిస్ట్‌లో ఎవరైనా ఉంటే, సిస్టమ్ బుకింగ్‌ని 'డబ్బు అందింది, సీటు లేదు' స్థితికి మార్చాలి, 1 నిమిషంలోపు ఆపరేషన్స్ క్యూలో చేర్చాలి, కొన్నవారికి ఈమెయిల్ ఈ-12 పంపాలి. సిస్టమ్ తనంతట తాను రీఫండ్ మొదలుపెట్టకూడదు.

'డబ్బు అందింది, సీటు లేదు' అన్న స్థితి ఈ చర్చకి ముందు పట్టికలో లేదు. దాంతో పట్టికకి ఒక కొత్త వరస, ఒక కొత్త నిలువు, అడ్మిన్‌కి ఒక కొత్త స్క్రీన్, ఒక కొత్త ఈమెయిల్ వచ్చాయి. కోడ్ రాశాక ఇది బయటపడి ఉంటే పని ఎంత పెరిగేదో డెవలపర్లకి వేరే చెప్పనక్కర్లేదు.

వాక్యం కుదిర్చిన పద్ధతి

పైన చూసిన వాక్యాలకి ఒక అచ్చు ఉంది. దాన్ని ఈయర్స్ (ఈజీ అప్రోచ్ టు రిక్వైర్‌మెంట్స్ సింటాక్స్) అంటారు. రోల్స్ రాయిస్‌లో అలిస్టెయిర్ మావిన్, ఆయన సహచరులు విమాన ఇంజిన్ కంట్రోల్ సిస్టమ్ రిక్వైర్‌మెంట్ల (సిస్టమ్ ఏం చేయాలో చెప్పే వాక్యాల) మీద పనిచేస్తూ 2009లో ప్రచురించిన పద్ధతి అది. ఎప్పుడూ వర్తించేవి, ఏదైనా జరిగినప్పుడు వర్తించేవి, ఒక స్థితిలో ఉన్నంతసేపూ వర్తించేవి, జరక్కూడనిది జరిగితే వర్తించేవి, ఫలానా ఫీచర్ ఉంటేనే వర్తించేవి అని వాక్యాలు ఐదు రకాలు. నేర్చుకోడానికి ఒక పూట చాలు. నాకు వీటిలో నాలుగోది ముఖ్యం, 'జరక్కూడనిది జరిగితే' అనేది. ఒక సెక్షన్ రాశాక అందులో ఆ రకం వాక్యం ఒక్కటీ లేకపోతే ఆ సెక్షన్ ఇంకా పూర్తి కాలేదని లెక్క.

చేయాల్సిందే, చేస్తే మంచిది, చేసినా చేయకపోయినా సరే అనే తేడాకి 1997 నాటి ఆర్ఎఫ్‌సీ 2119 (ఆర్ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ ప్రమాణాల డాక్యుమెంట్లు) మాటలే వాడాను, మస్ట్, షుడ్, మే. 2017లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8174 ఒక చిన్న సవరణ చేసింది, ఆ మాటలు పెద్దక్షరాల్లో ఉన్నప్పుడే ఆ ప్రత్యేక అర్థం. ఇది డాక్యుమెంట్ మొదటి పేజీలో ఒక్క లైన్‌లో పెట్టాలి, లేకపోతే మామూలు వాక్యంలో దొర్లిన 'మే' మీద కూడా వాదన నడుస్తుంది. షుడ్ వాడిన ప్రతిచోటా, ఎప్పుడు చేయకపోయినా పర్లేదో పక్కనే రాయాలని టీమ్‌కి చెప్పాను. అలా రాయలేకపోతే అది మస్ట్ అయినా అవ్వాలి, లేదా తీసెయ్యాలి.

కొన్ని మాటలు పూర్తిగా నిషేధించాం: సులభంగా, వేగంగా, యూజర్ ఫ్రెండ్లీ, మొదలైనవి, వీలైతే, తగిన విధంగా. ఈ జాబితా నా సొంతం కాదు, ఐఎస్‌ఓ, ఐఈసీ, ఐఈఈఈ అనే ప్రమాణాల సంస్థలు కలిసి తెచ్చిన 29148 స్టాండర్డ్ కూడా ఇలాంటి మాటలకి దూరంగా ఉండమంటుంది. 2011లో మొదట వచ్చి 2018లో సవరించిన ఈ స్టాండర్డ్ పాత ఐఈఈఈ 830 స్థానంలో వచ్చింది. చిన్న వెబ్ ప్రాజెక్ట్‌కి అదంతా పాటించడం దండగ, పెద్ద సిస్టమ్‌ల కోసం రాసింది అది. కానీ మంచి రిక్వైర్‌మెంట్ లక్షణాల గురించి చెప్పిన కాస్త భాగం మాత్రం ఎవరైనా చదవొచ్చు.

"అడ్మిన్ బుకింగ్‌లన్నీ మేనేజ్ చేయగలగాలి" అన్న పాత వాక్యాన్ని ఈ పద్ధతిలో విడదీస్తే పెద్ద వరసే వచ్చింది. అడ్మిన్ అంటే ఎవరు? ఆపరేషన్స్ వాళ్లు పేరు మార్చొచ్చు, రీఫండ్ ఆమోదించకూడదు. అకౌంట్స్ వాళ్లు రీఫండ్ ఆమోదించొచ్చు, బ్యాచ్ మార్చకూడదు. శిక్షకులు తమ బ్యాచ్ పేర్లు చూడొచ్చు, ఫోన్ నంబర్లు చూడకూడదు. ఎవరు ఏది ఎప్పుడు మార్చారో రికార్డు ఉండాలి, ఆ రికార్డుని ఎవరూ దిద్దకూడదు.

ఎంతవరకు చెప్పాలి, ఎక్కడ ఆగాలి

చివరి సీటు కోసం ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే ఒకరికే దక్కాలి. దీన్ని డేటాబేస్‌లో వరసని లాక్ చేసి సాధిస్తారా, షరతుతో అప్‌డేట్ చేసి సాధిస్తారా అనేది స్పెక్‌లో రాయలేదు, రాయకూడదు కూడా, అది డెవలపర్ల పని. స్పెక్ చెప్పింది రెండే. ఏ క్షణంలో లెక్కపెట్టినా హోల్డ్, చెల్లింపు ప్రాసెస్‌లో ఉన్నవి, ఖరారైనవి కలిపి బ్యాచ్ సీట్ల సంఖ్యని దాటకూడదు. ఒకే సీటు మిగిలిన బ్యాచ్‌కి ఒకేసారి 50 రిక్వెస్టులు పంపితే ఒక్కదానికి 201 (సర్వర్ భాషలో 'అయింది'), మిగతా 49కి 409 ('కుదరదు, ఇంకొకరితో తగువు పడింది') రావాలి. రెండోది రాయడం వల్ల టెస్టర్‌కి పని తేలికైంది, డెవలపర్‌కి స్వేచ్ఛ మిగిలింది.

ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) భాగమంతా ఓపెన్‌ఏపీఐ అనే ప్రామాణిక రూపంలో ఫైల్‌గా ఇచ్చాం. వర్డ్ డాక్యుమెంట్‌లో ఏపీఐ టేబుళ్లు రాస్తే రెండో వారానికే కోడ్‌కీ దానికీ పొంతన ఉండదు, అదే ఫైల్‌గా కోడ్ ఉండే రిపాజిటరీలో ఉంటే దాని మీద ఆటోమేటిక్ చెక్ పెట్టొచ్చు. ఎర్రర్ల రూపం కోసం సొంతంగా ఏదీ కనిపెట్టలేదు, 2023లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9457 చెప్పిన ప్రాబ్లమ్ డీటెయిల్స్ ఫార్మాట్ తీసుకున్నాం. ప్రతి ఎర్రర్‌కీ పక్కన యూజర్‌కి కనిపించే వాక్యం కూడా స్పెక్‌లోనే రాశాం. లేదంటే "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అనే సందేశం ఎక్కడపడితే అక్కడ వచ్చి కూర్చుంటుంది, చూసినవాడికి డబ్బు పోయిందో లేదో తెలియక టెన్షన్.

వెబ్‌హుక్ విషయంలో మూడు మస్ట్‌లు. గేట్‌వే ఒకే సంఘటనని రెండుసార్లు పంపొచ్చు కాబట్టి సంఘటన ఐడీ దాచుకుని రెండోసారి వస్తే ఏమీ మార్చకుండా విజయం అని జవాబివ్వాలి. పంపింది గేట్‌వేయేనని చూపే డిజిటల్ సంతకం సరిపోలకపోతే తిప్పి పంపాలి. సంఘటనలు వరస తప్పి వచ్చినా తుది స్థితి ఒకటే కావాలి. మూడోది చాలా స్పెక్‌లలో కనపడదు. 'రీఫండ్ అయింది' అన్న సమాచారం 'చెల్లింపు అయింది' కంటే ముందు అందితే ఏమవుతుందని ఒకసారి మీ ప్రాజెక్ట్‌లో అడిగి చూడండి.

టైము, పేర్లు

రద్దు నియమం "కోర్సుకి రెండు రోజుల ముందు దాకా" అని ఉండేది. రెండు రోజులంటే 48 గంటలా, రెండు క్యాలెండర్ రోజులా? ఆన్‌లైన్ కోర్సుకి వేరే టైమ్ జోన్ల నుంచి జనం వస్తారు, ఎవరి రోజు లెక్క? కోర్సు మొదలయ్యే క్షణం నుంచి వెనక్కి సరిగ్గా 48 గంటలు, సర్వర్ గడియారం ప్రకారం అని తేల్చాం. ఇక దాచే పద్ధతి. అన్నీ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) దాచండి అనేది అందరూ చెప్పే సలహా, జరిగిపోయిన వాటికి అది సరైనదే. రాబోయే కోర్సుకి మాత్రం స్థానిక సమయాన్నీ, ఐయానా టైమ్ జోన్ పేరునీ ('ఆసియా/కోల్‌కతా' లాంటిది) కలిపి దాచాలని రాశాం. ఆ ప్రాంతంలో ప్రభుత్వం మధ్యలో టైమ్ జోన్ నియమాలు మారిస్తే ఉదయం 9కి మొదలవ్వాల్సిన కోర్సు అప్పటి గడియారంలో కూడా ఉదయం 9కే మొదలవుతుంది, ముందే యూటీసీకి మార్చి దాచిన సమయం తప్పవుతుంది.

పేరు దగ్గర ఇంకో సంగతి. డిజైన్‌లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు పెట్టెలున్నాయి. ఆ పేరు చివరికి వెళ్లేది సర్టిఫికెట్ మీదకి. తన పేరు ఎలా పడాలో మనిషే రాస్తాడు కదా, రెండు ముక్కలు ఎందుకు? "సర్టిఫికెట్ మీద ఉండాల్సిన పేరు" అని ఒకే పెట్టె చేశాం. గరిష్ఠ పొడవు 100 అంటే వెంటనే డెవలపర్ అడిగారు, వంద ఏమిటి అని. మంచి ప్రశ్న. 'శ్రీ' చూడ్డానికి ఒక్క అక్షరం. అన్ని లిపుల గుర్తులకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో అది నాలుగు కోడ్ పాయింట్లు, అంటే నాలుగు నంబర్లు: శ, పొల్లు, ర, దీర్ఘం. ఆ నంబర్లని దాచే పద్ధతి యూటీఎఫ్-8లో 12 బైట్లు. బైట్ల లెక్కన వంద పెడితే తెలుగులో ఓ మోస్తరు పొడుగు పేరు కూడా పట్టదు. లెక్క కోడ్ పాయింట్లలో అని, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ కాబట్టి క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని (అందులో పాత యూటీఎఫ్8 ఒక్కో కోడ్ పాయింట్‌కి మూడు బైట్లకి మించి తీసుకోదు) రాసి, పీడీఎఫ్ సర్టిఫికెట్ కోసం ఒక టెస్ట్ కూడా చేర్చాం: ఒత్తులున్న పేరు ఇచ్చినప్పుడు ఒత్తు కిందే పడాలి, విడిపోయి పక్కన పడకూడదు. చాలా పీడీఎఫ్ లైబ్రరీలు ఈ ఒక్క టెస్ట్‌లోనే తప్పుతాయి. లైబ్రరీ ఎంచుకోకముందే ఇది తెలిసింది కాబట్టి సరైనది వెతుక్కునే టైము దొరికింది.

"వేగంగా", "ఎప్పుడూ", "అందరికీ"

వేగానికి కొలతలు గూగుల్ ఇచ్చే కోర్ వెబ్ వైటల్స్ నుంచి తీసుకున్నాం. 75వ పర్సంటైల్ దగ్గర, అంటే నూటికి 75 సందర్శనల్లో, ఎల్‌సీపీ (పేజీలోని పెద్ద భాగం కనపడే సమయం) 2.5 సెకన్లలోపు, ఐఎన్‌పీ (నొక్కినప్పుడు స్పందించే సమయం) 200 మిల్లీసెకన్లలోపు, సీఎల్‌ఎస్ (పేజీలోని వస్తువులు కదిలిపోవడం) 0.1 లోపు. ఎఫ్‌ఐడీ (మొదటి నొక్కుకి మాత్రమే స్పందన ఆలస్యం) స్థానంలో ఐఎన్‌పీ వచ్చింది 2024 మార్చిలో, పాత టెంప్లేట్లలో ఇంకా ఎఫ్‌ఐడీ కనపడుతుంటుంది, చూసుకోండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ 75వ పర్సంటైల్ నిజమైన యూజర్ల డేటా మీద లెక్కించేది, క్రోమ్ వాళ్ల రిపోర్టు గత 28 రోజుల డేటాని కలిపి లెక్కిస్తుంది. లాంచ్ రోజున ఆ డేటా ఉండదు. మరి క్లయింట్ ఆమోదం (సైన్ ఆఫ్) దేని మీద? అందుకని రెండు అంచెలు పెట్టాం. లాంచ్‌కి ముందు ల్యాబ్‌లో లైట్‌హౌస్ అనే వేగం కొలిచే టూల్‌తో, ఏ నెట్‌వర్క్ ప్రొఫైల్, ఏ పేజీలు, ఎన్ని రన్‌ల మధ్యస్థం అనేది స్పష్టంగా రాసి, ఐఎన్‌పీ ల్యాబ్‌లో అలా రాదు కాబట్టి దాని బదులు టోటల్ బ్లాకింగ్ టైమ్ (పేజీ స్పందించకుండా ఇరుక్కున్న మొత్తం సమయం). లాంచ్ తర్వాత అసలు డేటాతో రెండో చెక్, తప్పితే సరిచేసే బాధ్యత ఎవరిదో ఒప్పందంలోనే.

సైట్ ఎప్పుడూ అందుబాటులో ఉండాలన్నారు. 30 రోజుల నెలకి లెక్క వేసి చూపించాను: 99.9 శాతం అంటే 43 నిమిషాలు డౌన్ ఉండొచ్చు, 99.5 అంటే 3 గంటల 36 నిమిషాలు. పైకి వెళ్లేకొద్దీ రెండో సర్వర్, రాత్రి డ్యూటీ మనిషి, అన్నీ కావాలి. వాళ్లు 99.5 తీసుకుని, దానికి ఒక షరతు కలిపారు: కొత్త బ్యాచ్ రిజిస్ట్రేషన్ తెరిచిన మొదటి నాలుగు గంటల్లో మెయింటెనెన్స్ పనులేవీ పెట్టకూడదు. శాతం కంటే ఆ షరతే వాళ్లకి ఎక్కువ ఉపయోగం. బ్యాకప్ దగ్గర ఆర్‌పీఓ (ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలరో ఆ హద్దు) ఎంత అని అడిగితే ఎవరికీ జవాబు తెలియదు. "సిస్టమ్ పడిపోతే ఎంతసేపటి బుకింగ్‌లని మీరు ఈమెయిళ్లు చూసి చేత్తో మళ్లీ ఎక్కించగలరు?" అని అడిగితే మేడమ్ ఒక్క క్షణంలో చెప్పారు, గంట. అదే ఆర్‌పీఓ.

యాక్సెసిబిలిటీకి, అంటే వైకల్యం ఉన్నవాళ్లూ సైట్ వాడగలగడానికి, డబ్ల్యూసీఏజీ 2.2 అనే ప్రమాణంలో డబుల్ ఏ లెవెల్. 2023 అక్టోబర్‌లో వచ్చిన వెర్షన్ అది. మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్ 4.5:1, నొక్కే బటన్ల లాంటివి కనీసం 24 బై 24 పిక్సెళ్లు, ఇవి డిజైనర్‌కి తెలిసినవే. మా ప్రాజెక్ట్‌ని నిజంగా కదిలించింది టైమ్ లిమిట్ గురించిన నియమం. గడువు ఉంటే దాన్ని పొడిగించుకునే వీలు ఇవ్వాలంటుంది, గడువు లేకపోతే అసలు పనే కుదరని సందర్భాలకి మినహాయింపు ఇస్తుంది. సీటు హోల్డ్ ఆ మినహాయింపు కిందకి వస్తుంది. కానీ ఆ నియమం వివరణలో ఒక సూచన ఉంది, టైపు చేసే పని వీలైనంత గడువుకి ముందే పూర్తి చేయించమని. డిజైన్‌లో మొదట సీటు, తర్వాత ఫారమ్, తర్వాత చెల్లింపు ఉండేది. దాన్ని తిప్పేశాం. ముందు ఫారమ్, తర్వాత సీటు హోల్డ్, వెంటనే చెల్లింపు. స్క్రీన్ రీడర్‌తో (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) నెమ్మదిగా నింపేవాళ్లకి టైమర్ భయం పోయింది, ఊరికే ఫారమ్ తెరిచి వదిలేసేవాళ్లు సీట్లు పట్టుకుని కూర్చోవడమూ పోయింది.

రిపోర్టుల భాగం కావాలనే పలచగా ఉంచాను. సీఎస్‌వీగా (స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే ఫైల్) డౌన్‌లోడ్, ఈ కాలమ్‌లు, ఈ ఫిల్టర్లు, అంతే. సిస్టమ్ వాడకుండా ఏ రిపోర్టు కావాలో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. 'ఇందులో లేనివి' అనే పేజీ మాత్రం ముందుకి తెచ్చి పెట్టాను: డిస్కౌంట్ కూపన్లు, మొబైల్ యాప్, రెండో కరెన్సీ, గ్రూప్ బుకింగ్.

మధ్యలో వచ్చిన గ్రూప్ బుకింగ్

బిల్డ్ సగంలో ఉండగా ఒక కంపెనీ తమ ఉద్యోగులకి ఒకేసారి ఆరు సీట్లు కావాలంది. క్లయింట్ వైపు నుంచి "క్వాంటిటీ బాక్స్ ఒకటి పెడితే చాలు కదండీ" అని మెసేజ్. మామూలుగా ఇక్కడే గొడవ మొదలవుతుంది, డెవలపర్లు కుదరదంటారు, క్లయింట్ వాళ్లని మొండివాళ్లనుకుంటారు. మేం స్పెక్‌లో "బు-2: ఒక బుకింగ్ అంటే ఒకే సీటు, ఒకే మనిషి" అన్న వాక్యం తెరిచి, దాని మీద ఆధారపడ్డ వాక్యాలన్నీ పక్కన పేర్చాం. ఆరుగురిలో ఒకరు రద్దు చేసుకుంటే రీఫండ్ ఎవరికి, కంపెనీకా మనిషికా? నాలుగు సీట్లే ఉంటే నాలుగు ఇవ్వాలా, అసలు ఇవ్వకూడదా? వెయిటింగ్ లిస్ట్‌లో ముందున్నవాళ్లకి ఆరు కావాలి, ఖాళీ అయింది ఒకటి, వెనకున్న మనిషికి ఇవ్వొచ్చా? పేర్లు తర్వాత ఇస్తామంటే సర్టిఫికెట్ పేరు తప్పనిసరి అన్న నియమం ఏమవ్వాలి?

జాబితా చదివి వాళ్లే రెండో దశకి వాయిదా వేశారు. అందాకా ఆపరేషన్స్ వాళ్లు అడ్మిన్ స్క్రీన్ నుంచి ఇన్‌వాయిస్ నంబర్‌తో ఆరు విడి బుకింగ్‌లు ఎక్కించేలా ఒక చిన్న మార్పు, మూడు కొత్త వాక్యాలతో. ఒక్క కోపం మాట లేకుండా ఆ మీటింగ్ అయిపోయింది.

తేలని ప్రశ్నలకి వేరే పేజీ నడిపాం. ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పాల్సిన మనిషి, ఎప్పటిలోగా చెప్పాలి, చెప్పకపోతే మేం ఏది అనుకుని ముందుకెళ్తాం, ఈ మూడూ ఉండాలి. మూడోది ఉంటే జవాబులు త్వరగా వస్తాయి. తేలినవాటికి మైఖేల్ నైగార్డ్ 2011లో చెప్పిన ఏడీఆర్ (ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్) పద్ధతిలో సందర్భం, నిర్ణయం, పర్యవసానం ఒక్కో పేజీకి మించకుండా రాసి కోడ్ పక్కనే పెట్టాం. హోల్డ్ 35 నిమిషాలు ఎందుకైందో ఆర్నెల్ల తర్వాత చేరిన డెవలపర్‌కి చెప్పేది ఆ పేజీయే.

లాంచ్ తర్వాత

మొదటి పెద్ద బ్యాచ్ రిజిస్ట్రేషన్ రోజునే గడువు దాటిన చెల్లింపు వచ్చింది. పే-8 ప్రకారం క్యూలోకి వెళ్లింది, మేడమ్ ఫోన్ చేశారు, ఆ మనిషి తర్వాతి బ్యాచ్‌కి మారారు. డెవలపర్లకి ఆ సంగతి మర్నాడు లాగ్ చూస్తే తెలిసింది.

సీటు ఖాళీ అయినప్పుడు వెయిటింగ్ లిస్ట్‌లో ఉన్నవాళ్లకి పంపే ఆఫర్ ఎంతసేపు చెల్లాలన్నది లాంచ్ నాటికి తేలలేదు. శిక్షకులు 24 గంటలన్నారు, ఆపరేషన్స్ రెండు గంటలన్నారు, ఇద్దరి దగ్గరా కారణాలున్నాయి. ఊహించి రాయడం కంటే ఆ ఒక్కటి చేత్తో నడిపిద్దామని "ఆఫర్ పంపు" బటన్ ఇచ్చి, ప్రతి ఆఫర్‌కీ ఎంతసేపట్లో జవాబు వచ్చిందో సిస్టమ్ రికార్డు చేసేలా రాశాం. కొన్ని బ్యాచ్‌లు గడిచాక ఆ రికార్డు చూసి మేడమే రూల్ చెప్పారు. ఆన్‌లైన్ వాళ్లకి కోర్సు ముందురోజు ఆఫర్ వచ్చినా పర్లేదు, హాల్‌కి వచ్చేవాళ్లు ప్రయాణం చూసుకోవాలి కాబట్టి ఈ రెండు రకాలకీ ఒకే గడువు పనికిరాదు. వె-4 ఇప్పుడు ఇలా ఉంది: ఆఫర్ పంపినప్పటి నుంచి 12 గంటలు, లేదా హాల్ కోర్సుకైతే మొదలయ్యే క్షణానికి 48 గంటల ముందు, ఆన్‌లైన్ కోర్సుకైతే 6 గంటల ముందు, ఏది ముందైతే అప్పటిదాకా ఆఫర్ చెల్లాలి, ఆ గడువుకి రెండు గంటల కంటే తక్కువ ఉంటే సిస్టమ్ ఆఫర్ పంపకుండా బుకింగ్‌ని ఆపరేషన్స్ క్యూలో పెట్టాలి. రీఫండ్ రిపోర్టు గురించి అకౌంట్స్ వాళ్లు అడిగినవి మాత్రం ఇంకా ప్రశ్నల పేజీలో ఉన్నాయి, పక్కన వాళ్ల పేరుతో, తేదీతో.